ఏసీ వేస్తే ఆగిపోయే కారు

"ఏసీ వేస్తే ఇంజిన్ ఆగిపోతోంది. మొన్న బాగుచేశానన్నారు కదా?"

కారు కింద నుంచి రెండు కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. జవాబు అక్కణ్నుంచే వచ్చింది.

"అయితే ఏసీ వెయ్యకండి."

కారు తెచ్చినతనికి ఒళ్లు మండింది. వారంలో ఇది మూడోసారి రావడం.

"ఆ ముక్క చెప్పడానికి మెకానిక్కే కావాలా?"

కాళ్లు ముందుకు జరిగాయి. వాటి వెనకే గ్రీజు మరకల చొక్కా, నిద్ర చాలని రెండు కళ్లు బయటికొచ్చాయి. తండ్రికి చూపు మందగించినప్పటి నుంచి షెడ్డంతా ఆమే చూసుకుంటోంది. ఆ వీధివాళ్లు ఆమెని స్పానర్ అని పిలుస్తారు.

"సార్, పొద్దున్నుంచి ఇది ఏడో కారు. అరవాలంటే మీరూ వరసలో నిలబడండి."

అతను నోరు తెరవబోయేంతలో వెనక సీట్లోంచి దగ్గు వినిపించింది. స్పానర్ వంగి చూసింది. ఒక పెద్దావిడ తల వెనక్కి వాల్చి, పాత పేపరుతో విసురుకుంటోంది.

"మా అమ్మ. డయాలసిస్‌కి తీసుకెళ్తున్నాను," అన్నాడు గొంతు తగ్గించి. "వారానికి మూడుసార్లు. వేడి తగిలితే ఆవిడకి కళ్లు తిరుగుతాయి. నిన్న సరిగ్గా నాలుగు రోడ్ల మధ్య ఆగిపోయింది. వెనక లారీవాడి హారన్..."

"ఇది ముందే చెప్పొచ్చుగా!"

"మీరు అడగలేదు."

"మీరు అడగనిస్తేగా!"

ఆమె బానెట్ ఎత్తి ఏసీ వేయించింది. ఇంజిన్ శబ్దం ఒక్క క్షణం తగ్గి, వెంటనే పుంజుకుంది.

"విన్నారా? ఏసీ వెయ్యగానే కంప్రెసర్ బరువు ఇంజిన్ మీద పడుతుంది. కారు నిలబడి ఉన్నప్పుడు ఇంజిన్ మెల్లగా తిరుగుతుంది కాబట్టి ఆ బరువుకి ఆగిపోవచ్చు. అందుకే కారులో ఉండే కంప్యూటర్ ఇంజిన్ వేగం కాస్త పెంచుతుంది. నా దగ్గర పెంచుతోంది. మీ దగ్గర పెంచట్లేదు."

"అంటే దానికి నేనంటే పడదా?"

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వే ఓపిక లేక సగంలో ఆపేసింది.

"ట్రాఫిక్‌లో బాగా వేడెక్కాకే ఈ రోగం బయటపడుతున్నట్టుంది. పదండి, నేనూ వస్తాను."

ఇంజిన్ నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతోందో చూపే చిన్న మీటరు ఒకటి ఆమె కారుకి తగిలించి ఒళ్లో పెట్టుకుంది. మూడో సిగ్నల్ దగ్గర మీటరు మీద ఎనిమిదొందల అంకె ఐదొందలకి జారింది. స్టీరింగ్ వణికింది.

"యాక్సిలరేటర్ కొంచెం తొక్కి పట్టుకోండి! దొరికింది. ఏసీ వేసిన సంగతి కంప్యూటర్‌కి చేరట్లేదు. వేడికి ఎక్కడో వైరు పట్టు వదిలేస్తోంది."

"మావాడూ అంతే తల్లీ," అంది వెనక నుంచి పెద్దావిడ. "నెత్తిన ఎంత బరువుందో ఎవరికీ చెప్పడు. పగలు స్కూలు పుస్తకాల్లో తప్పులు దిద్దుతాడు, మిగతా వేళంతా నాకు చాకిరీ."

"అమ్మా, నువ్వూరుకో."

"చూశావా? ఇదిగో, ఇలాగే ఉంటాడు."

ఆసుపత్రిలో ఆవిడని లోపలికి తీసుకెళ్లారు. నాలుగు గంటలు పడుతుంది. పార్కింగ్‌లో స్పానర్ వైర్లన్నీ వెతికి, వదులైన జాయింటు పట్టుకుని మార్చింది. తాళాలు ఇద్దామని వచ్చేసరికి అతను వరండా కుర్చీలో నిద్రపోతున్నాడు. ఒళ్లో ప్రూఫు కాగితాలు, చేతిలో ఎర్ర పెన్ను, చొక్కా మీద అది గీసిన గీత. నోరు కొద్దిగా తెరిచి ఉంది.

తాళాలు పక్కన పెట్టి వెళ్లిపోవచ్చు. షెడ్డులో మిగతా కార్లు ఎదురుచూస్తున్నాయి. ఆమె బయటికెళ్లి కార్లవాళ్లకి ఫోన్ చేసి రేపు రమ్మంది. తిరిగొచ్చి అతని పక్కనే కూర్చుంది.

అతను ఉలిక్కిపడి లేచేసరికి సాయంత్రమైంది. తల్లి డయాలసిస్ గదిలో లేదు. కిందికి పరిగెత్తాడు. కారులో ఏసీ చల్లగా తిరుగుతోంది. తల్లి వెనక సీట్లో ఉంది, స్పానర్ స్టీరింగ్ ముందు.

"లేపలేదేం?"

"నేనే వద్దన్నాను," అంది తల్లి. "నువ్వలా నిద్రపోయి ఎన్నాళ్లయిందిరా?"

అతను పక్క సీట్లో కూర్చుని, ఇల్లు చేరేదాకా మొహం కిటికీ వైపే పెట్టుకున్నాడు. దారిలో ఎన్ని సిగ్నళ్లు పడినా కారు ఒక్కచోటా ఆగిపోలేదు.

పది రోజుల తర్వాత ఒక్కడే వచ్చాడు.

"ఏసీ వేస్తే మళ్లీ..."

ఆమె మీటరు పెట్టి చూసింది. తొమ్మిదొందలు. అంకె కదల్లేదు.

"కారుకేం రోగం లేదు. మీకు అబద్ధం చెప్పడం కూడా రాదు."

"రాదు. అమ్మ పంపిందని చెబుదామనుకున్నాను, అదీ అబద్ధమే." అతను కారుకి ఆనుకున్నాడు. "ఆ రోజు లేచేసరికి నా పనులన్నీ ఎవరో చేసేసి ఉన్నారు. నాకెప్పుడూ అలా జరగలేదు. అప్పట్నుంచి మీరు రోజూ కనిపిస్తే బావుండుననిపిస్తోంది."

ఆమె చాలాసేపు చేతులు తుడుచుకుంది.

"నేనూ అలిసిపోతానండీ. సాయంత్రానికి మాట్లాడే ఓపిక కూడా ఉండదు."

"మాట్లాడొద్దు. పక్కన కూర్చుంటాను. మీరు నిద్రపోతే లేపను."

ఈసారి ఆమె నవ్వు సగంలో ఆగలేదు. లోపలికి తిరిగి పిలిచింది.

"నాన్నా! ఇలా వస్తారా? ఒకాయన వచ్చారు."

తండ్రి గోడ పట్టుకుని మెల్లగా వచ్చాడు. "ఏమైందట కారుకి?"

"కారుకేం కాలేదు. నాకోసం వచ్చారు."

ముసలాయన తడుముకుంటూ ఒక స్టూలు లాగి ముందుకు జరిపాడు.

"మరి నిలబెట్టి మాట్లాడతావేంటే? కూర్చోమను."