మూతకు నాలుగు బోల్టులు

అయినా ఒక్క బోల్టే కదా, మిగతా మూడూ గట్టిగానే ఉన్నాయిగా అని అతను ఇందాకటి నుంచీ తనకు తనే చెప్పుకుంటున్నాడు. చెప్పుకుంటున్నకొద్దీ ముప్ఫై ఏళ్ల అనుభవం లోపల్నుంచి వెక్కిరిస్తోంది. పెట్రోలు పంపులో మోటారుకుండే మూత మామూలు మూత కాదు. లోపల నిప్పురవ్వ పుట్టినా బయటి పెట్రోలు ఆవిరికి అంటకుండా ఆపేది అదే. ఒక్క బోల్టు లేకపోయినా ఆ మూత ఉన్నా లేనట్టే.

పొద్దున్నే బంకు మేనేజరు ఫోను చేశాడు. మోటారు కింద బోల్టు దొరికిందట, పంపు ఆపేశారట. "కొత్త పిల్ల కదండీ, మరిచిపోయుంటుంది." ఆలోచించేలోపే అతని నోటి నుంచి ఆ మాట జారిపోయింది.

కొత్త పిల్లంటే కోడలు. ఏడాదిగా అతనితో పాటు మోటార్ల రిపేరు పనికి వస్తోంది.

నిన్న ఆ మోటారు మూలుగుతోంది గానీ తిరగడం లేదు. బేరింగు పట్టేసిందన్నాడు అతను. కోడలు కరెంటు ఆపి, మెయిన్‌కు తాళం వేసి, షాఫ్టు చేత్తో తిప్పి చూసింది. "హాయిగా తిరుగుతోంది మావయ్యా. కెపాసిటర్ పోయుంటుంది" అంది. మూత విప్పి చూస్తే అది ఉబ్బిపోయి ఉంది, కొత్తది వేసింది. "పెద్దాయనా, ఇక మీకు విశ్రాంతే!" అని మేనేజరు నవ్వాడు. విప్పినవాళ్లే బిగించాలన్నది అతను పెట్టిన నియమమే. అయినా ఆ నవ్వు వినగానే, మూత తనే బిగిస్తానని కోడలి చేతిలోంచి స్పానరు తీసేసుకున్నాడు.

ఇప్పుడు కోడలు ఫోను పట్టుకుని, అతను కూర్చున్న వంటగదిలోకి వచ్చింది. "మావయ్యా, నన్నిక రావద్దని మేనేజరు మెసేజ్ పెట్టాడు. ఆయన చేతిలో ఐదు బంకులున్నాయి. నా పని అయిపోయినట్టేగా?"

"పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. ఇంత రాద్ధాంతం దేనికి?"

"నాదైతే ఒప్పుకుంటాను. నాలుగు బోల్టులూ లెక్కపెట్టి మీ అరచేతిలో పెట్టానుగా."

"అంటే, నాకు బోల్టు బిగించడం రాదంటావా? నువ్వు పుట్టకముందు నుంచీ..."

"రాదనలేదు. బిగించలేదంటున్నాను."

స్టవ్ దగ్గరున్న భార్య వెనక్కి తిరక్కుండానే అంది. "దాని మీద అరుస్తారేం? నెల్లాళ్లుగా మీ చొక్కా గుండీలు పెడుతున్నదెవరు? చలికి వేళ్లు మొద్దుబారాయంటారు. ఈ ఎండల్లో చలేమిటండీ?"

అతను వేళ్లకేసి చూసుకున్నాడు. నిన్న నాలుగో బోల్టు చేతిలో ఉందో లేదో ఆ వేళ్లు చెప్పలేదు. కింద టక్కుమన్న చప్పుడు మాత్రం వినబడింది. వంగి వెతకలేదు, కోడలు చూస్తోందని. ఆ సంగతి అతను మరిచిపోలేదు. మరిచిపోయినట్టు తన ముందు తనే నటించాడు.

"ఎప్పటి నుంచి మావయ్యా?" కోడలి గొంతులో కోపం లేదు. "నాతో అంటే నేనే బిగించేదాన్నిగా. డాక్టరుకు చూపించుకుందాం పదండి."

మరి ఇక నేనెందుకు అని అడగబోయి ఊరుకున్నాడు. ఫోను తీశాడు. వేలు వేరే పేరు మీద పడింది. కోడలు తను నొక్కి ఇస్తానని చెయ్యి చాపింది. అతను ఇవ్వలేదు. వేలికేసే చూస్తూ మళ్లీ నొక్కాడు.

"చెప్పండి పెద్దాయనా" అన్నాడు మేనేజరు.

"నిన్న ఆ మూత బిగించింది నేనండీ" అన్నాడు అతను.