తలలే కాలిన అగ్గిపుల్లలు

మందును పొడిగా ఆరబెట్టే స్ప్రే డ్రయర్ ముందు వసంతకుమార్ శవం బోర్లా పడి ఉంది. ఒంటి మీద గాయం లేదు. తలుపుకు లోపల గడియ. ఉదయం 7.40కి, ఆయుధపూజ ప్రసాదం ఇద్దామని వచ్చిన తోటి ఆపరేటర్ సుంకప్ప దాన్ని పగలగొట్టాడు.

మైదుకూరు రోడ్డులోని ఆ మందుల ఫ్యాక్టరీకి సీఐ శివలీల వచ్చేసరికే మేనేజర్ తీర్పు చెప్పేశాడు.

"సూసైడ్ మేడం. పోయినేడు కూతురు చనిపోయింది. అప్పట్నుంచి మనిషి మనిషిలా లేడు."

కడుపుకోత కూడా కొందరికి మంచి సాకే.

గోడవారన కూర్చున్న భార్య రెజీనా ఏడవడం లేదు. శివలీల చెయ్యి పట్టుకుంది.

"ఒక్కటి కనుక్కోండి మేడం. ఆయన నన్ను ఇడ్సి పోవాలనే పోయినాడా?"

శివలీల సుంకప్ప వైపు తిరిగింది.

"గడియ ఎందుకు వేసుకున్నాడు?"

"దినామూ ఏసుకుంటాడు మేడం. బయట వాన. ఎవురన్నా తలుపు తీస్తే తేమ వస్తాది, పొడి చెడిపోతాది."

నిజమే. మందు ద్రావకాన్ని వేడి నైట్రోజన్‌లోకి తుంపరగా చిమ్మితే, స్ఫటికం కట్టేలోపే ఆరి నానో పొడిగా రాలుతుంది. తేమ తగిలిందా, మళ్ళీ గడ్డకడుతుంది. ఆ పొద్దు ద్రావకం ఇంకా ఎక్కించలేదు. నైట్రోజన్ మాత్రం వదిలారు.

"ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఎవరు ఆపారు?"

సుంకప్ప తల వంచాడు.

"నేనే. రాత్రి డ్యూటీ దిగేముందు మిషనుకు పూజ చేసి దీపం పెడితి. గాలికి ఆరిపోతాదని ఫ్యాను ఆపినా. మళ్ళా ఏయడం మర్సిపోతి."

నైట్రోజన్ పైపు జాయింటుకు సబ్బునీళ్ళు పూయించింది శివలీల. బుడగలొచ్చాయి. ముగ్గురినీ దీపం దగ్గరికి పిలిచింది.

"ప్రమిద నిండా నూనె ఉంది. ఫ్యాను ఆగి ఉంది, గాలి వీచే దారి లేదు. మరి దీపం ఎందుకారింది?"

ప్రమిద పక్కనున్న అగ్గిపుల్లలు చూపించింది.

"తల మందులోనే సొంత ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి వీటి తలలే కాలాయి, పుల్లలు తెల్లగానే ఉన్నాయి. లీకైన నైట్రోజన్ గదంతా నిండి ఆక్సిజన్ తగ్గిపోయింది. దానికి రంగూ వాసనా లేవు. ఊపిరాడటం లేదని కూడా తెలియదు. ఆక్సిజన్ అలారం ఎందుకు పెట్టలేదో మేనేజర్ గారు స్టేషన్‌లో చెబుతారు."

రెజీనా వైపు తిరిగింది.

"చావాలనుకున్నవాడు ఆరిన దీపం వెలిగించడానికి ఇన్ని పుల్లలు గీయడమ్మా."

అప్పుడు ఏడ్చింది రెజీనా. గుండె పగిలేలా ఏడ్చింది.

సుంకప్ప ఆమె కాళ్ళ మీద పడ్డాడు. "నా చేతుల్తో నేనే చంపితినమ్మా!"

"లేయన్నా. పండగ పూట నీ దీపం కొండెక్కిందని ఓర్చుకోలేకపోయినాడు ఆయన. బయటికొచ్చి నిన్ను పిల్సినా బతుకుతుండె."

సుంకప్ప లేవలేదు.