మాట పూర్తయ్యేదాకా

చిలక చొక్కా గుండీలతో కుస్తీ పడుతుండగా తల్లి వచ్చి చకచకా పెట్టేసింది. "యూనివర్సిటీ వాళ్ళొచ్చే వేళయిందే తల్లీ" అంటూనే జుట్టు దువ్వి, మూతి తుడిచింది.

చిలక అన్నది తండ్రి పెట్టుకున్న ముద్దుపేరు. ఆమెకు ఇరవై ఆరేళ్ళు. పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. చేతులు మొండికేస్తాయి, మాట మెల్లగా, ముద్దగా వస్తుంది. చురుకుదనానికి మాత్రం లోటు లేదు. ఇంట్లో కూర్చునే డిగ్రీ పూర్తి చేసింది.

కాసేపటికి విశ్వవిద్యాలయం నుంచి పరిశోధకురాలు వచ్చింది. సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్ళ రోజువారీ జీవితం ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి ఆమె ఇంటింటికీ తిరుగుతోంది.

"నీకు అన్నిటికన్నా కష్టమేమిటమ్మా?" అని చిలకనే అడిగింది.

తల్లి అందుకుంది. "ఒకటా రెండా! గ్లాసు పట్టుకోలేదు, గుండీ పెట్టుకోలేదు. నేను లేకపోతే దీనికి పొద్దే గడవదండీ."

"పె... పె..."

"పెన్ను కావాలా? ఇదిగో."

చిలక అరచేత్తో బల్ల మీద చరిచింది. "పెట్టుకోగలను! అమ్మా, నన్ను... చెప్పనీ."

తల్లి మొహం చిన్నబోయింది. మాట కూడగట్టుకుంటుంటే చిలక మెడ బిగుసుకుంది. పరిశోధకురాలు తొందరపెట్టలేదు.

"కష్టం... గుండీలు కాదు. నేను మాట మొదలెడితే... ఇంకొకరు పూర్తి చేసేస్తారు. అది... నా మాట కాదు."

తల్లి కళ్ళు నిండాయి. "ఇన్నేళ్ళూ నీ చేతులూ నోరూ నేనే అయ్యాను. అదే తప్పయిందా?"

"తప్పు కాదమ్మా. చేతులు నీవి... కావాలి. నోరు... నాకుంది."

పరిశోధకురాలు రాసుకుంటున్న కాగితాలు పక్కన పెట్టింది. "ఇన్ని ఇళ్ళు తిరిగాను, ఈ సంగతి ఎవరినీ అడగాలని తట్టనే లేదు. మాతో పనిచేస్తావా? నీలాంటివాళ్ళతో మాట్లాడే ఉద్యోగం."

"దీని మాట నాకే సగం అర్థం కాదు, కొత్తవాళ్ళకేం అర్థమవుతుందండీ?" అంది తల్లి కంగారుగా.

"సగమే... వింటావు కదమ్మా."

తల్లి కుర్చీ కూతురి దగ్గరికి జరుపుకుంది.

చిలక ఉద్యోగంలో చేరింది. పరిశోధనలో అడిగే ప్రశ్నలన్నీ తిరగరాసింది. ఆ ప్రశ్నలు అడిగే మొదటి రోజు తల్లే వెంట వెళ్ళి ఆఫీసు గది మూలన కూర్చుంది. చక్రాల కుర్చీలో కూతురిని తోసుకుంటూ ఒకావిడ లోపలికి వచ్చింది. చిలక ఆ పిల్లను ఏమడిగినా జవాబు ఆవిడే చెబుతోంది.

"అమ్మగారూ... తనని చెప్పనివ్వండి."

"దానికి మాట సరిగా రాదమ్మా. నేనే చెప్పాలి."

మూలనున్న తల్లి లేచి వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంది. "రా చెల్లీ, మనం బయట కూర్చుందాం."

"అయ్యో, నేను లేకపోతే దాని మాట ఎవరికి తెలుస్తుంది?"

"నేనూ అచ్చం ఇలాగే అనేదాన్ని. ప్రశ్నలడుగుతున్న ఆ అమ్మాయి నా కూతురే. మాట పూర్తయ్యేదాకా వింటుంది."

తల్లులిద్దరూ బయటికి రాగానే తలుపు మూసుకుంది. చాలాసేపు లోపల అలికిడి లేదు. ఆవిడ లేవబోయినప్పుడల్లా తల్లి ఆపింది. చివరికి ఆగి ఆగి ఒక గొంతు, దానికి జవాబుగా ఇంకో గొంతు వినిపించాయి. వెంటనే లోపలున్న ఇద్దరూ పకపకా నవ్వారు.

"మా పిల్ల... కొత్తవాళ్ళ దగ్గర నవ్వుతోంది!" అంది ఆవిడ నమ్మలేనట్టు.

"మన గురించే చెప్పుకుంటుంటారు" అంది తల్లి, పొంగిపోతూ కళ్ళు తుడుచుకుని.