నిమ్మకాయలు పెట్టని బండి

"అంత పెద్ద ఇంజను ఈ ముసలిబండిలో పెడతాండావు. పోతాది సరే, ఆగతాదా బేటా?"

ఫాతిమా బీ అడిగింది. ఎర్ర స్పోర్ట్స్ కారు కింద పడుకుని మక్బూల్ బోల్టు బిగిస్తూనే ఉన్నాడు. ఆదోనికి వాడు మెకానిక్కు. ఢిల్లీకి ఏజెంట్ నైన్. ఆ సంగతి తెలిసిన నాటి నుంచీ తల్లికి ముద్ద దిగడం లేదు. మొన్న వాడి తోటి ఏజెంట్ హుసేనప్పను జిన్నింగు మిల్లులో పత్తితో పాటే ప్రెస్సులో వేసి తొక్కించారు. పత్తిబేలు కట్టు విప్పితే గానీ లోపల మనిషి ఉన్నాడని తెలియలేదు.

చేయించినవాడు క్రూగర్, విదేశీ ముఠా నాయకుడు. దొంగిలించిన రాడార్ మైక్రోఫిల్ము వాడి దగ్గరే ఉంది. ఎమ్మిగనూరు అవతలి బీడు భూమిలో వాడి కోసం విమానం దిగుతుంది. పోలీసు జీపులకు అందకుండా అక్కడికి చేరాలి. అందుకే తన పాత కారులో నాలుగు సిలిండర్ల ఇంజను పీకించి, ఆరు సిలిండర్లది పెట్టమన్నాడు. మక్బూల్ బానెట్ కోసి, కొత్త మౌంటింగులు వెల్డింగ్ చేసి కూర్చోబెట్టాడు. బ్రేకులు మాత్రం పాతవే. క్రూగర్ ఉరకడం అడిగాడు గానీ ఆగడం అడగలేదు.

పాత బ్యాటరీ డబ్బాలో దాచిన వైర్‌లెస్ గరగరలాడింది. ఢిల్లీ నుంచి చీఫ్.

"నైన్, ఎమ్మిగనూరు దారిలోని కాలువ మలుపులో ఆ బండి ఆగకూడదు."

"సార్, నడిపేది వహీదా. మన డబుల్ ఏజెంట్."

"తెలుసు. ఆమెకు చెప్పొద్దు. భయపడితే మొహంలో తెలిసిపోతుంది. ఓవర్."

"ఆ పిల్లను కూడా ఒక తల్లే కన్నది కదరా" అంది ఫాతిమా బీ.

"నోరు మూసుకో అమ్మీ. క్రూగర్ పసిగట్టినాడంటే ముగ్గురినీ కాల్చేస్తాడు."

క్రూగర్ రానే వచ్చాడు, చెయ్యి కోటు జేబులో పిస్తోలు మీద. వెంట వహీదా: నల్లకళ్లద్దాలు, సిల్కు స్కార్ఫు, ట్రాన్స్‌మిటర్ దాచిన లిప్‌స్టిక్. క్రూగర్‌కు ఆమె బొంబాయి డాన్సరు. పుట్టింది మాత్రం ఆదోనిలోనే.

"ఏం ఖాలా, ఎప్పుడు సూసినా ఏడుపు మొగమే. నిమ్మకాయలు పెట్టు, పోతాము" అంది వహీదా, సొంత పిన్నిని పలకరించినట్టు.

ఇంజను మార్చిన బండి ఏదైనా సరే, చక్రాల కింద నిమ్మకాయలు నలగనిదే ఆదోనిలో షెడ్డు దాటదు. ఫాతిమా బీ కొంగుముడిలో నాలుగు కాయలున్నాయి. పక్కన కొడుకు నిలబడి ఉన్నాడు. నిజం చెప్తే క్రూగర్ వింటాడు.

"నిమ్మకాయలు లేవు బిడ్డా" అంది. కొంగులో అవి ఉబ్బెత్తుగా కనిపిస్తూనే ఉన్నాయి.

వహీదా ఆ ముడి వైపు చూసింది. నవ్వు చెదరకుండా ఎక్కి ఇంజను స్టార్ట్ చేసింది. రోడ్డంతా దుమ్ము లేచింది.

తర్వాత డబ్బాలోంచి పోలీసు వైర్‌లెస్ పలికింది. విమానం కనుచూపు మేరలో ఉండగా, మలుపులో ఆగక కారు కాలువలో పడింది. క్రూగర్ శవం, ఫిల్ము దొరికాయి. ఆడమనిషి జాడ లేదు.

"మిషన్ సక్సెస్. టీ తాగు నైన్" అన్నాడు చీఫ్.

మక్బూల్ టీ తాగలేదు. "వహీదా, నేను నైన్‌ను. ఓవర్" అని పిలుస్తూనే ఉన్నాడు. గరగర తప్ప ఏమీ లేదు. షెడ్డులోకి ఎండ వచ్చింది, పోయింది. ఫాతిమా బీ పిడికిట్లో నిమ్మకాయలు నలిగి రసం కారింది.

చాలాసేపటికి డబ్బాలోంచి మూలుగు లాంటి గొంతు వచ్చింది.

"దూకినాను ఖాలా. కాలు ఇరిగింది, ఒళ్లంతా తుమ్మముండ్లు. ఆ కాయలు దాచిపెట్టు. మీ చీఫ్ సారు బండి షెడ్డుకొచ్చిన పొద్దు కూడా నిమ్మకాయలు లేవనే సెప్పు. ఓవర్."