ఇకపై అడగవద్దు

బజారులో అతన్ని అందరూ డాక్టరు అంటారు. జబ్బు చేసిన కంప్యూటర్లకు వైద్యం చేస్తాడని మొదట ఎవరో వేళాకోళానికి అన్నారు. అతను దాన్ని బిరుదు కింద తీసుకుని దుకాణం బోర్డు మీద రాయించుకున్నాడు. ఆ రోజు నుంచీ మనుషుల్ని చూసే చూపే మారిపోయింది. అతని దృష్టిలో లోకంలో ఉన్నవి రెండే జాతులు. ఒకటి తను. రెండోది, ప్లగ్గు పెట్టకుండానే కంప్యూటరు చచ్చిపోయిందని ఫోన్ చేసి ఏడ్చేవాళ్లు.

ఆ రెండో జాతిలో కూడా, తెర మీద వచ్చిన ప్రతి మాటా చదివేవాళ్లని చూస్తే అతనికి మరీ ఒళ్లు మండేది. ఆ మాటలు పిరికివాళ్ల కోసం రాసినవని అతని సిద్ధాంతం. అడ్డొచ్చినదాన్ని మూసేయాలి, కింద 'ఇకపై అడగవద్దు' అన్న గడిలో టిక్కు పెట్టాలి, ముందుకు నొక్కాలి. అతని వైద్యమంతా ఇంతే. ఈ మాత్రానికి ఫీజు ఇచ్చి దండాలు పెట్టేవాళ్లను చూసి నవ్వుకునేవాడు గానీ, ఈ మాత్రమే తెలిసిన తనను చూసి ఏనాడూ నవ్వుకోలేదు.

అతను చిన్నచూపు చూడని మనిషి ఒక్క అక్కే. తల్లి పోయాక పెంచింది ఆవిడ. దిండు గలీబులు కుట్టి, ఆ సంపాదనతోనే అతనికి కంప్యూటరు చదువు చెప్పించింది. ఆవిడ చీవాట్లు పెడితే డాక్టరు తలవంచుకుని వింటాడు. ఆవిడకు చిన్న తలనొప్పి వస్తే దుకాణం మూసి పరిగెత్తుకొస్తాడు. ఇక బావంటే మాత్రం, కోడిగుడ్డుకు ఈకలు పీకే గుమాస్తా అని అందరి ముందూ అనేవాడు. బావ కూడా ఏం తక్కువ తినలేదు, బామ్మర్ది డాక్టరుగిరీ మీద ఆఫీసులో బోలెడు జోకులు వేసేవాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం బావ ఫోన్ చేశాడు. కంప్యూటర్లో ఆట ఎక్కడం లేదట. పాత సామాన్లవాడి దగ్గర అట్ట కూడా లేని సీడీ ఒకటి కొనుక్కొచ్చాడు. ఇల్లు కట్టి, అందులో మనుషుల్ని పెట్టి, వాళ్లచేత పనులు చేయించి నిద్రపుచ్చే ఆట. ఆఫీసులో పక్క సీటాయన ఆడుతుంటే చూసి ఈయనకు ఎక్కడో కాలింది. సొంతింట్లో కుళాయి కారుతుంటే కట్టడం చేతకాదు గానీ కంప్యూటర్లో మేడలు కడతాడట అనుకుంటూ డాక్టరు గొడుగు తీసుకుని బయల్దేరాడు.

వాన పొద్దుటి నుంచీ వదలకుండా కురుస్తోంది. మబ్బు పట్టి, మధ్యాహ్నమే దీపాలు వెలిగించాల్సి వచ్చింది. జల్లు కొడుతోందని కిటికీలన్నీ బిగించారు. హాల్లో కట్టిన తాడు మీద తడిబట్టలు ఆరీ ఆరకుండా వేలాడుతూ, గదంతా ముక్కవాసన వేస్తోంది. పక్కగదిలో అక్క మిషను కుడుతోంది. టకటకటకమని కాసేపు పరుగెత్తి, మలుపు దగ్గర ఆగి, మళ్లీ అందుకునే ఆ చప్పుడు వింటూనే అతను పెరిగాడు. లోపలికి వస్తూ వస్తూ, కాళ్లు తుడుచుకోమని తిట్టించుకుని కంప్యూటరు ముందు కూర్చున్నాడు.

ముందు పాతదంతా తుడిచేసి, కంప్యూటర్ని కొత్తదానిలా చేసి పెట్టాడు. సీడీ పెట్టాడు. లోపల అది గరగరమని తిరిగింది. ఆట ఎంతవరకు ఎక్కిందో చూపే గీత సగం దాకా నిండి ఆగిపోయింది. తెర మీద తెలుగులో ఒక మాట వచ్చింది.

ఈ చోటు వాడుకలో ఉంది. వాడుతున్నవారిని మూసేస్తే గానీ ముందుకు సాగదు. మూసేయమంటారా?

తెలుగులో రావడం వింతే. దొంగ సీడీలు చేసేవాళ్లకు భాషాభిమానం కూడానా అని డాక్టరు నవ్వాడు. ఏమేం నడుస్తున్నాయో తీసి చూశాడు. ఏమీ నడవడం లేదు. ఇప్పుడే తుడిచిన కంప్యూటర్లో ఎవరుంటారు? బావ కళ్లజోడు సర్దుకుని, ఆ మాటను వేలుపెట్టి మెల్లగా పైకి చదువుతున్నాడు. ఆయన చదవడం పూర్తి కాకుండానే డాక్టరు అవునని నొక్కాడు.

పక్కగదిలో మిషను ఆగింది.

మలుపు దగ్గర ఆగే ఆగడం కాదు. టక్కున, మధ్యలో. కాసేపటికి అక్క అక్కడి నుంచే, తను ఏం కుడుతోందో మర్చిపోయానని చెప్పి తనలో తను నవ్వుకుంది. మిషను మళ్లీ మొదలైంది, ఈసారి తడబడుతూ. కొత్తగా నేర్చుకునేవాళ్ల చప్పుడులా ఉంది. డాక్టరు వినలేదు. గీత ఇంకాస్త నిండి మళ్లీ అక్కడే ఆగింది. మళ్లీ అదే మాట.

మళ్లీ నొక్కాడు.

మిషను ఆగింది. ఈసారి చాలాసేపు ఏమీ లేదు. వాన చప్పుడు, సీడీ గరగర, అంతే. వేడెక్కిన దుమ్ము వాసనేదో కంప్యూటరు వెనక నుంచి వస్తోంది. తర్వాత అక్క గుమ్మంలోకి వచ్చింది. గోడ పట్టుకుని నిలబడి, తమ్ముడికేసి చూసి, మొగుడికేసి చూసింది.

"ఏమండీ, ఈయన మీ ఆఫీసాయనా? మంచినీళ్లు ఇచ్చారా?"

బావను తను ఎప్పుడూ గుమాస్తా అని వెక్కిరించేదానికి దెప్పుతోందనుకుని డాక్టరు పకపకా నవ్వాడు. అక్క నవ్వలేదు. తలూపి, దారి వెతుక్కుంటున్నట్టు మెల్లగా లోపలికి వెళ్లిపోయింది. బావ ముఖం పాలిపోయింది. కుర్చీ దగ్గరికి జరుపుకుని, గొంతు తగ్గించి అన్నాడు.

"ఒరేయ్, ఇక ఆపెయ్. నువ్వది నొక్కినప్పుడల్లా అక్కడ మిషను ఆగుతోంది."

ఎవరైనా మనిషన్నవాడు అక్కడ ఆగి ఆలోచించేవాడు. కనీసం లేచి అక్కను చూసివచ్చేవాడు. కానీ చెప్పింది బావ. నీటిపన్ను గుమాస్తా. ప్లగ్గుకీ స్విచ్చుకీ తేడా తెలియని రెండో జాతి మనిషి. ఆయన మాట విని చేతిలోని పని వదిలేస్తే రేపు ఆఫీసంతా ఏమనుకుంటుంది? డాక్టరు ఆట చూసి జడుసుకున్నాడనదూ? పౌరుషం అతని నెత్తికెక్కింది. పనికిమాలిన పౌరుషం.

"నీకు భయమైతే దుప్పటి కప్పుకో బావా," అన్నాడు.

అని, ఆయనకు కనబడేలా తెర మీది మౌసు బాణాన్ని మెల్లగా కిందికి జరిపి, 'ఇకపై అడగవద్దు' అన్న గడిలో టిక్కు పెట్టాడు. బావ అతని చెయ్యి పట్టుకోబోయాడు. ఆ చేతిని విదిలించి, అవునని నొక్కాడు.

గీత సర్రున నిండింది. సీడీ ఆగిపోయింది.

మిషను చప్పుడు లేదు. అసలు ఆ గదిలోంచి ఏ చప్పుడూ లేదు... మనిషి ఉన్న గదిలో ఎంత నిశ్శబ్దమైనా ఏదో ఒకటి వినబడుతుంది. బట్ట కదులుతుంది, గాజు తగులుతుంది, ఊపిరి ఉంటుంది. అక్కడ అవేవీ లేవు. డాక్టరు నవ్వుతూనే లేచాడు. గుమ్మం దాకా వెళ్లేసరికి ఆ నవ్వు లేదు.

మిషను సూది బట్టలో సగం దిగి ఆగిపోయి ఉంది. చక్రం ఇంకా కొంచెం ఊగుతోంది. ముక్కాలిపీట ఖాళీ. చేత్తో తాకాడు. వెచ్చగా ఉంది. ఆ గదికి ఇంకో దారి లేదు. కిటికీ బిగించే ఉంది.

"ఎవరండీ?"

వెనక నుంచి. మెడ దగ్గర నుంచి. తిరిగి చూస్తే అక్క గుమ్మంలో నిలబడి ఉంది. తను ఇప్పుడే దాటివచ్చిన గుమ్మంలో... అదే చీర. అదే ముఖం. చేతులు రెండూ పక్కలకు సమంగా వేలాడుతున్నాయి. అక్క దగ్గర ఎప్పుడూ మిషను నూనె, పౌడరు కలిసిన వాసన వస్తుంది. ఇప్పుడు అట్టపెట్టె విప్పినప్పుడు వచ్చే కొత్త ప్లాస్టిక్కు వాసన వచ్చింది.

"అక్కా... నేనే."

"కూర్చోండి," అంది ఆవిడ మర్యాదగా. ఎవరితోనైనా అనే మాటే. పెదాలు నవ్వాయి. కళ్లు మాత్రం అతని మీద ఆగలేదు. మళ్లీ అంది. "కూర్చోండి."

డాక్టరు ఆవిడకు తగలకుండా గోడకు అంటుకుని పక్కనుంచి జారి హాల్లోకి పడ్డాడు. బావ కుర్చీలోనే బిగుసుకుపోయి ఉన్నాడు. డాక్టరు కంప్యూటరు మీదికి వంగాడు. బాణం ఎక్కడెక్కడికో పోతోంది. వెనక్కి వెళ్లాలి. చేసింది రద్దు చేయాలి. రద్దు అన్న మాట కోసం తెరంతా వెతికాడు. జీవితంలో మొదటిసారి ప్రతి అక్షరమూ చదివాడు, పెదాలు కదుపుతూ, వేలుపెట్టి. ఎక్కడా అలాంటిది లేదు. ఆటనే తీసేయమని నొక్కాడు. తీసేయాలా అని అది అడగలేదు. ఏం నొక్కినా అది ఏమీ అడగడం లేదు. అడగవద్దన్నాడుగా. తన చేత్తో తనే అన్నాడు.

"ప్లగ్గు పీకెయ్," అని గొణిగాడు బావ.

డాక్టరు ప్లగ్గు దాకా చెయ్యి చాపి ఆగిపోయాడు. అక్కలోంచి మూసేసింది ఈ కంప్యూటర్లోనే ఉంటే, పీకాక అదేమవుతుందో అతనికి తెలియదు. అంతపెద్ద డాక్టరుకూ తెలియలేదు. ఇన్నాళ్లూ ఎంతమంది కంప్యూటర్లలో ఎన్నింటిని చూడకుండా మూసేశాడో గుర్తొచ్చింది. చేతిని మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

తెర నల్లబడింది. తర్వాత తనంతట తానే ఆట తెరుచుకుంది.

ఒక ఇల్లు. పైకప్పు లేదు, పైనుంచి చూస్తే గదులన్నీ కనబడతాయి. ఒక్క గదిలోనే దీపం ఉంది. అందులో ఒక ఆడమనిషి వీపు ఇటు తిప్పి కూర్చుని మిషను కుడుతోంది. బొమ్మే. వేలెడంత కూడా లేదు. కానీ మలుపు దగ్గర ఆగి మెడ పక్కకు వంచి దారాన్ని పంటితో కొరికిన తీరు... అతను దాన్ని గుర్తుపట్టకుండా ఎలా ఉంటాడు? స్పీకరులోంచి, చాలా దూరం నుంచి వస్తున్నట్టు, టకటకటక...

"అక్కా," అన్నాడు తెరకు నోరు ఆనించి.

మిషను ఆగింది. బొమ్మ తల ఎత్తింది. కానీ ఇటు తిరగలేదు. గోడలకేసి, పైకి, అటూ ఇటూ చూసింది. అక్క గొంతే. కొంచెం భయపడుతూ.

"ఎవరో పిలిచారు. మా తమ్ముడిలా ఉంది."

డాక్టరు మళ్లీ పిలవబోయాడు. ఈలోగా ఆ చిన్న ఇంట్లో దీపం లేని గదుల్లోంచి ఇంకో గొంతు వినబడింది. అది ఆడగొంతో మగగొంతో తెలియలేదు. బుజ్జగిస్తున్నట్టు, మెల్లగా అంది.

"పలక్కు."

బొమ్మ తల దించుకుంది. మిషను మళ్లీ మొదలైంది. బావ అతని చొక్కా పట్టుకుని లాగుతున్నాడు, గుమ్మం వైపు చూపిస్తూ. డాక్టరు తిరిగి చూశాడు. ఆవిడ అక్కడే నిలబడి ఉంది, చేతులు సమంగా వేలాడేసుకుని. స్పీకరులో ఆ గొంతు ఇంకోసారి, ఇంకా మెల్లగా అదే మాట అంది.

గుమ్మంలో ఆవిడ పెదాలు ఆ మాటతో పాటే కదిలాయి.