ముప్పై ఒకటో ఫుట్‌నోట్

“బాధ్యత అంటే ఏమిటండీ?”

అకౌంటెంట్ తలెత్తాడు. ఎదురుగా, కాంట్రాక్టు మీద కొత్తగా వచ్చిన అమ్మాయి. ఆరేళ్లుగా ఆ ఫ్యాక్టరీ లెక్కలు రాస్తున్నా, ఇలా మొహం మీదే ఎవరూ అడగలేదు. ఇబ్బందిపెట్టేవన్నీ నివేదిక చివర చిన్నక్షరాల్లోకి తోసేస్తాడని ఆఫీసులో అతన్ని ‘ఫుట్‌నోట్’ అనేవారు.

“కంపెనీ కట్టాల్సిన బాకీ.”

“అది ఎప్పుడు బాధ్యత అవుతుంది?”

“డైరెక్టర్‌గారు ఒప్పుకున్నప్పుడు.”

ఆమె నవ్వలేదు. రాసుకుంది.

ఆమె పని ఆంటాలజీ తయారుచెయ్యడం. అంటే, నివేదికలో వాడే ప్రతి మాటకీ అర్థమేమిటో, దేనికి దేనితో సంబంధమో కంప్యూటర్‌కి కూడా తెలిసేలా తేల్చడం. మనుషులకి ఎప్పుడో తెలుసని డైరెక్టర్ నమ్మకం.

వారం తిరక్కుండానే ఇద్దరికీ పోట్లాట అలవాటైంది.

“మీ చేతిలో లేనిది మీ ఆస్తెలా అవుతుందండీ?”

“మీకు పెళ్లయిందా?”

“లేదు. ఎందుకు?”

“ఊరికే. డేటా కోసం.”

ఈసారి ఆమెకి నవ్వాగలేదు.

ఒక వాన మధ్యాహ్నం ఆమెకి పాత ఉత్తరం దొరికింది. పాతికేళ్లు పనిచేసినవాళ్లకి జీవితాంతం వైద్యం కంపెనీదేనని అందులో ఉంది. లెక్కల్లో మాత్రం ఆ సంగతి ‘బాధ్యత కాదు’ అంటూ ముప్పై ఒకటో ఫుట్‌నోట్‌లో నక్కి ఉంది.

“కంపెనీ మాటిచ్చింది. వాళ్లు పనిచేసేశారు. ఇది బాధ్యతే సార్,” అంది డైరెక్టర్‌తో.

“అది వాళ్ల ఆశమ్మా. నీ పటంలో ‘ఆశ’ అని ఓ డబ్బా గీసి అందులో పడెయ్.”

“అలాంటి డబ్బా లేదు సార్.”

“గియ్యి. జీతం అందుకేగా!” ఆయన పక్కనున్న మన ‘ఫుట్‌నోట్’ వైపు తిరిగాడు. “నువ్వేమంటావోయ్?”

“చూద్దాం సార్.”

ఆమె అతని వంక ఒక్క చూపు చూసింది. దానికన్నా డైరెక్టర్ తిట్లే నయం.

సాయంత్రం అతను ఇంటికెళితే నాన్న మందుబిళ్ల సగానికి విరుస్తున్నాడు. అదే ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు లేత్ మిషన్ దగ్గర నిలబడ్డ మనిషి.

“సగమేంటి నాన్నా?”

“రెండ్రోజులొస్తుందిరా. మీ ఆఫీసు నా బిల్లు తిప్పి పంపింది. అది వాళ్ల బాధ్యత కాదట. ఎవరో మహానుభావుడు చిన్నక్షరాల్లో అలా రాశాడట.”

ఆ రాత్రి కొడుకు ఆమె గీసిన పటం ముందేసుకుని కూర్చున్నాడు.

మర్నాడు బోర్డు మీటింగులో అతను ఆమె గీసిన పటాన్ని తెరమీద పెట్టాడు. “తప్పు రాసింది నేనే. ఫుట్‌నోట్‌లోంచి తీసి బాధ్యతల్లో చేర్చాను,” అన్నాడు.

లాభం సగమైంది. డైరెక్టర్ బోనస్ మొత్తం పోయింది. “అర్థంలేని పని!” అని ఆయన కేకలేశాడు. అర్థం ఉండటమే ఆయన బాధ. ఆడిటర్లు పటాన్ని అటూ ఇటూ చూసి, సందు దొరక్క సరేనన్నారు.

సాయంత్రానికల్లా ఆమె కాంట్రాక్టు ‘పూర్తయింది’. అతని ప్రమోషన్ ‘వాయిదా పడింది’.

ఆమె నిలబడ్డ బస్టాపు దగ్గరికి అతను తడుస్తూ పరుగెత్తుకొచ్చాడు.

“గొడుగేదండీ?”

“మర్చిపోయా. మీరంటే నాకిష్టం. నిన్న నోరు విప్పనందుకు సిగ్గుగా ఉంది. రెండూ ఒకేసారి చెప్పేస్తున్నా.”

ఆమె తన గొడుగు అతని మీదికి జరిపింది. “నిన్న మీమీద చాలా కోపమొచ్చింది. ఇష్టంలేనివాళ్ల మీద నాకంత కోపం రాదు.”

బస్సొచ్చింది. అతని ఇల్లు అటు కాదు. అయినా ఎక్కేశాడు.

“ఎక్కడికి?” అన్నాడు కండక్టర్.

అతను ఆమె వంక చూశాడు. ఆమె పర్సు తీసింది.

“చివరి స్టాపుకి రెండివ్వండి. ఈయన మా అమ్మతో మాట్లాడాలట.”