బాబ్జీకి చలేస్తుందని

"ఏ.ఈ. గారంటే మీరేనా అండీ?"

తలుపు ఇంకా పూర్తిగా తెరుచుకోనే లేదు, ప్రసన్నలక్ష్మి అడిగేసింది. పేరులో తప్ప ఆ పిల్లలో ప్రసన్నత మచ్చుకైనా ఉండదు. కూర్చుంటే లేస్తుంది, లేస్తే తిరుగుతుంది. తాడేపల్లిగూడెం ఊరి చివర వాళ్ళకి కోళ్ళ ఫారం ఉంది. నిన్ననే కొత్త పిల్లల్ని దింపారు. వాయుగుండం పుణ్యమా అని తెల్లవారినప్పటి నుంచి ముసురు, దానికి తోడు కరెంటు లేదు. షెడ్డులో పిల్లలకి వెచ్చదనమిచ్చే బల్బులన్నీ జనరేటర్ మీద నడుస్తున్నాయి. డీజిల్ అడుగంటింది. ఇక ఆగలేక స్కూటీ వేసుకుని కరెంటు ఏ.ఈ. అద్దె ఇంటికే వచ్చేసింది.

"నేనేనండీ, జయంత్. చెట్టు పడి లైను తెగిందండీ. మావాళ్ళు..."

"చెట్టు సంగతి నాకెందుకండీ? అక్కడ నా పిల్లలు..." అంటూ ముఖం మీది వాన తుడుచుకుని తలెత్తింది.

అతని భుజం మీద మూరెడు జంతువొకటి, ఒళ్ళంతా ముళ్ళతో, ఆమెనే తేరిపార చూస్తోంది.

ప్రసన్న పెట్టిన కేకకి ఎదురింటివాళ్ళు గొడుగులేసుకుని బయటికొచ్చారు.

"మెల్లిగా అండీ, వాడు భయపడతాడు!"

"భయపడింది నేనండీ! నన్నెవరు ఊరుకోబెడతారు?" అంది గుండె మీద చెయ్యేసుకుని. "ఉడుముని పెంచుతున్నారా? ఫారెస్టువాళ్ళు పట్టుకుపోతారు!"

"ఉడుము కాదండీ, బియర్డెడ్ డ్రాగన్. బయటి దేశం బల్లి జాతి. ఆన్‌లైన్‌లో రిజిస్టర్ కూడా చేయించాను. పేరు బాబ్జీ."

"బాబ్జీయా? అది మా మేనమామ పేరండీ!"

జయంత్ నవ్వాపుకోలేకపోయాడు. ఆమెకి ఒళ్ళు మండింది. అయితే మధ్యాహ్నానికల్లా కరెంటొచ్చింది. సాయంత్రం ఫారం దగ్గర లైను చూసే నెపంతో అతనూ వచ్చాడు. ఆ పైవారం లైనుకి ఏమీ కాకపోయినా వచ్చాడు. ఆ తర్వాత ఇద్దరూ నెపాలు వెతుక్కోవడం మానేశారు.

"మాకు థర్మామీటర్లు అక్కర్లేదండీ," అని షెడ్డులో నిలబడి గొప్పగా చెప్పింది ప్రసన్న. "పిల్లలే చెబుతాయి. చలేస్తే బల్బు కింద గుంపుకడతాయి. ఉడుకెత్తితే గోడల వైపు పోతాయి. అంతటా చెదిరి మేస్తున్నాయంటే వేడి సరిపోయినట్టే."

మరోరోజు అతనింట్లో బాబ్జీ గాజుపెట్టె చూసి పకపకా నవ్వింది. అడుగున ఇసక, బల్బు చుట్టూ ఇనప జాలీ, రాయి పక్కన సెన్సర్ వైరు, బయట గోడకి థర్మోస్టాట్.

"ఇన్ని వైర్లేంటండీ, ఐసీయూలో పేషెంటుకి మల్లే!"

"ఒక కొసన ఎండ, ఇంకో కొసన నీడ ఉండాలండీ. వేడి మించకుండా థర్మోస్టాట్ చూసుకుంటుంది. ఈ సెన్సర్ మాత్రం వాడు పడుకునే చోటే ఉండాలి. జారి పక్కకి పోయిందంటే మిషను చలనుకుని వేడి పెంచుకుంటూ పోతుంది."

"మీ వాడికి కాళ్ళు లేవా? వేడైతే వాడే జరుగుతాడు కదండీ?"

"పైనుంచొచ్చే ఎండయితే జరుగుతాడు. పొట్ట కింది వేడి వీళ్ళకి అంతగా తెలీదండీ. కాలుతున్నా..."

"టీ చల్లారిపోతోంది, ముందు తాగండి," అంది ప్రసన్న. ఎదుటివాళ్ళ మాట చివరిదాకా వినే ఓపిక ఆమెకి ఏనాడూ లేదు.

డిసెంబరులో అతనికి విశాఖపట్నంలో వారం రోజుల ట్రైనింగు పడింది. బాబ్జీని ఎవరికి అప్పగించాలో తెలియక తల పట్టుకున్నాడు.

"నాకిచ్చి వెళ్ళండి. వేల పిల్లల్ని పెంచుతున్నదాన్ని, ఒక్క బల్లిని చూసుకోలేనా?"

పెట్టె, వైర్లతో సహా తెచ్చి వాళ్ళ వరండాలో అమర్చాడు. వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర ఆగాడు.

"వచ్చాక మీతో ఒక మాట చెప్పాలండీ."

"ఇప్పుడే చెప్పచ్చుగా?"

"బండి తప్పిపోతుందండీ," అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

ఆ మాటేంటో ప్రసన్నకి తెలుసు. తెలిసినా వినాలని ఉంది. ఆనాటి నుంచి ఆమె కాలు ఒకచోట నిలవలేదు.

మూడు రోజులకి మళ్ళీ ముసురు పట్టింది. కొల్లేటి వైపు నుంచి చలిగాలి. బాబ్జీ ముడుచుకుని, కళ్ళు సగం మూసి పడుకున్నాడు. బల్బేమో కాసేపు వెలగడం, థర్మోస్టాట్ టిక్కుమనగానే ఆరిపోవడం.

"పిసినారి మిషను! పిల్లాడు గడ్డకట్టుకుపోతుంటే లెక్కలు చూస్తోంది," అని తిట్టింది.

నాన్న వెంకట్రాజు మోకాళ్ళ నొప్పులకి కొన్న హీటింగ్ ప్యాడ్ తెచ్చి, పైన పల్చటి గుడ్డ పరిచి పెట్టెలో వేసింది. ప్లగ్గు నేరుగా గోడకి పెట్టింది. బాబ్జీ దాని మీదకెక్కి, పొట్ట ఆనించి హాయిగా పరుచుకున్నాడు. ఎంతసేపటికీ కదల్లేదు. వేడైతే జరిగేవాడు కదా, జరగలేదంటే బాగున్నట్టే అనుకుని షెడ్డుకి వెళ్ళిపోయింది.

తోటకూర పెడదామని వచ్చి ఎత్తితే పొట్ట ఎర్రగా కమిలిపోయి ఉంది. ఒకచోట పొలుసు మెత్తబడి చెమ్మ ఊరుతోంది. ప్యాడ్ మీద చెయ్యి పెట్టి చురుక్కుమని తీసేసింది.

"నాన్నా!" అన్న కేకకి షెడ్డులో కోళ్ళు కూడా బెదిరాయి.

వెంకట్రాజు కారు తీశాడు. ఏలూరు వెళ్ళేదాకా ప్రసన్న ఏడుస్తూనే ఉంది. అక్కడ డాక్టర్ ప్రభావతి గారు బాబ్జీని తిరగేసి చూసి మందు రాశారు.

"పైపైన కాలిందమ్మా, ప్రాణభయం లేదు. అడుగునుంచి వేడి వద్దు. పైన బల్బు చాలు, అదీ థర్మోస్టాట్ మీదే. ఇసక తీసేసి శుభ్రమైన కాగితాలు పరవండి. వీటికి సొంత ఒంటివేడి ఉండదు, మనం ఎంత పెడితే అంతే."

మర్నాడు పొద్దుటి నుంచీ ప్రసన్న ఫోను తీయడం, నంబరు నొక్కడం, కట్ చేయడం. వరండాలోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి వరండాలోకి తిరుగుతూనే ఉంది.

"ఏంటే ఆ తిరుగుడు, కాలుగాలిన పిల్లిలాగ?" అంది తల్లి నాగరత్నం.

"ఆయనకెలా చెప్పనమ్మా?"

"చెప్పకు. కుబుసం విడిచే ముందు రంగు మారుతుందని ఆ అబ్బాయేగా అన్నాడు? అదే అనుకుంటాడు. మంచి సంబంధం, చేజేతులా పోగొట్టుకుంటావా?"

మాట బాగానే ఉంది. అతను ఆ మాట చెబుతాడు, తను తలూపుతుంది, బాబ్జీ మానిపోతాడు. ఎవరికీ తెలీదు. కానీ ప్రతిరోజూ వాడి పొట్ట చూసినప్పుడల్లా తనకి తెలుస్తుందే! ఆ నిజం దాచుకుని అతని ముందు నవ్వడం తనవల్ల కాదు. కళ్ళు గట్టిగా మూసుకుని నంబరు నొక్కింది.

"నేనండీ. బాబ్జీకి చలేస్తుందని హీటింగ్ ప్యాడ్ పెట్టానండీ. పొట్ట కాలింది. తప్పు నాదే. ఏలూరు తీసుకెళ్ళాం, డాక్టరు గారు పర్లేదన్నారు." ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది.

అవతల కుర్చీ జరిగిన చప్పుడు.

"థర్మోస్టాట్‌కి పెట్టారా?"

"లేదండీ."

"సరేనండీ. ఉంటాను."

ఫోను పెట్టేశాడు. మళ్ళీ చేస్తే స్విచ్ఛాఫ్. తిట్టినా బాగుండేది. ఆ "సరేనండీ"తో అంతా అయిపోయిందనుకుంది. అన్నం సహించలేదు. బాబ్జీకి మందు రాస్తూ, "మీ అయ్యగారికి నేనిక అక్కర్లేదురా," అని వాడితోనే మొరపెట్టుకుంది.

పొద్దువాలుతుండగా గేటు ముందు ఆటో ఆగింది. నిలువునా తడిసిన జయంత్, చేతిలో బ్యాగు. ఆమె వంక చూడకుండా తిన్నగా పెట్టె దగ్గరికెళ్ళి, బాబ్జీని ఎత్తి పొట్ట చూశాడు. దవడ బిగుసుకుంది.

"తిట్టండి," అంది ప్రసన్న.

"తిడతానండీ. కోపంగానే ఉంది నాకు. ఆరోజు చెబుతుంటే వినకుండా టీ తాగమన్నారు."

"అవునండీ."

"వేడి పుట్టించే ఏ వస్తువైనా సరే, థర్మోస్టాట్ లేకుండా పెట్టకూడదు. ఇప్పుడైనా వింటారా?"

"చివరిదాకా వింటానండీ. మరి ఫోనెందుకు ఆపేశారు? నేను చచ్చిపోయాననుకోండి ఇక్కడ!"

"ఛార్జింగు అయిపోయిందండీ. ఉన్నపళంగా బండి అందుకోవాలని పరుగెత్తాను." బాబ్జీని మెల్లిగా కాగితాల మీద దింపాడు. గొంతు తగ్గింది. "మీరు చెప్పకపోతే కుబుసమనుకునేవాణ్ణి."

"అమ్మ కూడా అలాగే అనుకోనిమ్మందండీ."

వంటింట్లో గిన్నె కిందపడింది. జయంత్‌కి నవ్వొచ్చింది. అంతలోనే ఏదో గుర్తొచ్చినట్టు ముఖం మారింది.

"మీ అంత ధైర్యం నాకు లేదండీ. నాలుగేళ్ళయింది, బాబ్జీ సంగతి మా ఇంట్లో చెప్పనేలేదు. అమ్మకి బల్లంటే చచ్చే భయం. మీ ఫోనివ్వండి ఒకసారి."

దెందులూరులో అతని తల్లి రత్నమాణిక్యం ఎత్తింది. స్పీకర్ పెట్టాడు.

"అమ్మా, నేను జయంత్‌ని. నా దగ్గరో బల్లి..."

"బల్లా! ఎక్కడ పడిందిరా? తల మీద కాదు కదా? ఉండు, పంచాంగం తెస్తాను."

"పడలేదమ్మా. పెంచుకుంటున్నాను. నాలుగేళ్ళ నుంచి."

పంచాంగం కోసం కదిలిన అడుగులు ఆగిపోయాయి.

"అందుకా నన్ను అక్కడికి రావద్దంటున్నావు! బల్లితో కాపరం చెయ్యడానికి ఏ పిల్లొస్తుందిరా నీకు?"

"ఒకమ్మాయి ఉందమ్మా. ఇంకా అడగలేదు."

"అడక్కుండా నాకెందుకు చెబుతున్నావురా? ముందు ఆ పిల్లనడుగు. బల్లి సంగతి చెప్పి మరీ అడుగు!"

జయంత్ తలెత్తి ప్రసన్న వంక చూశాడు. వానకి తడిసిన జుట్టు నుదుటి మీద పడి, పరీక్ష తప్పిన కుర్రాడిలా ఉన్నాడు. ఆమె అతని చేతిలోంచి ఫోను లాక్కుంది.

"బల్లి సంగతి నాకు తెలుసండీ. ఒప్పుకున్నానండీ, అత్తయ్యగారూ. మీతో ఒక నిజం ముందే చెప్పేయాలి. ఆ బల్లిని పొరపాటున నేను కాల్చానండీ."

"కాల్చావా?" రత్నమాణిక్యం గొంతులో ఎక్కడలేని ఆశ పొడుచుకొచ్చింది. "చచ్చిందామ్మా?"

"లేదండీ, కోలుకుంటోంది."

అవతల పెద్ద నిట్టూర్పు వినిపించింది.

"సరేలే, మన ప్రాప్తం. ఆదివారం పళ్ళూ పూలూ పట్టుకుని వస్తామని మీ అమ్మగారితో చెప్పు. దాన్ని మాత్రం గదిలో పెట్టి తలుపేయండమ్మా!"